కాచి చల్లార్చినా పోని విషం
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం తాగునీటి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు నిర్వాహకులు. నేను ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ దగ్గర ఒక నీటి పరీక్షశాలలో పనిచేస్తున్నాను. సీసాల్లో వచ్చే నీళ్ళలో ఏవేవి ఎంతెంత ఉన్నాయో చూసి కాగితం మీద రాసివ్వడం నా ఉద్యోగం.

మన ఇళ్ళల్లో నీళ్ళ విషయంలో ఒకటే సూత్రం: అనుమానం వస్తే కాచి చల్లార్చి తాగు. కలరా, టైఫాయిడ్ రోజుల్లో ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన సూత్రం అది. దాన్ని కాదనే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ సూత్రం పనిచెయ్యకపోగా అపకారం చేసే సందర్భాలు కూడా ఉన్నాయి. నల్గొండ వాళ్ళకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడు నీళ్ళు ఎంత కాచినా ఫ్లోరైడు పోదు సరికదా, నీళ్ళు ఇగిరిన కొద్దీ చిక్కనవుతుంది. అందుకే పటిక, సున్నం కలిపి దాన్ని అడుక్కి దింపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసింది. దానికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరు వచ్చింది.

ఇప్పుడు ఆరెగాన్ సంగతి. మా రాష్ట్ర రాజధాని సేలం. ఆ ఊరి నీటి సరఫరా మీద దాదాపు రెండు లక్షల మంది ఆధారపడతారు. నీళ్ళు నార్త్ శాంటియమ్ నది నించి వస్తాయి, ఆ నది మీద పైన డెట్రాయిట్ సరస్సనే జలాశయం ఉంది. 2018 మే నెలలో ఆ సరస్సులో పచ్చటి పాచి విరగబూసింది. మన ఊరి చెరువులు ఎండాకాలంలో పచ్చబడతాయి చూడండి, ఇంచుమించు అలాంటిదే. దాన్ని నాచు అంటాం గానీ నిజానికి అది ఒక జాతి బాక్టీరియా, సయనోబాక్టీరియా అంటారు. కొన్ని రకాలు మైక్రోసిస్టిన్, సిలిండ్రోస్పెర్మాప్సిన్ అనే విషాలు చేస్తాయి. పేర్లు నోరు తిరక్కపోయినా ఫరవాలేదు, కాలేయాన్నీ మూత్రపిండాలనీ దెబ్బతీస్తాయని గుర్తుంటే చాలు.

ఆ విషాలు శుద్ధిచేసిన నీళ్ళలో కూడా కనిపించాయి. ఫలితాలు చేతికొచ్చాక ప్రజలకి చెప్పడానికి కొన్ని రోజులు పట్టింది. మళ్ళీ పరీక్షించి రూఢి చేసుకోవాలనుకున్నారు. దీని మీద తరవాత చాలా విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే అని నా అభిప్రాయం. మే 29న ప్రకటన చేశారు: ఆరేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, వృద్ధులు, కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవాళ్ళు కుళాయి నీళ్ళు తాగొద్దు, పెంపుడు జంతువులకీ పెట్టొద్దు అని. ఆ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో అందరి ఫోన్లూ గోలగోలగా మోగాయి. తీరా చూస్తే అందులో ఉన్నదల్లా ఈ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి, రాత్రి 11:28 వరకు, సిద్ధంగా ఉండండి అని మాత్రమే. దేనికి సిద్ధంగా ఉండాలో లేదు. నీళ్ళ మాటే లేదు! కాసేపటికి రెండో సందేశం వచ్చేదాకా జనం ఏం అనుకోవాలో తెలియక అల్లాడిపోయారు. తరవాత దుకాణాల్లో నీళ్ళ సీసాలు ఖాళీ. నేషనల్ గార్డు వచ్చి నీళ్ళు పంచింది.

పోర్ట్‌లాండ్ నీళ్ళు బుల్ రన్ నించి వస్తాయి కాబట్టి మా కుళాయికి ఏమీ కాలేదు. కానీ మర్నాడు పొద్దున్నే సేలంలో ఉన్న నా స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్ళ అత్తగారు మనవణ్ణి చూసుకోడానికి ఏలూరు నించి వచ్చి ఉన్నారు. నీళ్ళు బాగాలేవట అని వినగానే ఆవిడ రెండు పెద్ద గిన్నెల నిండా నీళ్ళు మరిగించి, మూతలు పెట్టి ఉంచారు, పసివాడికి పాలపొడి కలపడానికి. పనికొస్తాయా అని ప్రశ్న. పనికిరావు, మొక్కలకి పోసెయ్యమన్నాను. ఆవిడ ఫోన్ తీసుకుని, “అంత మరిగిన నీళ్ళల్లో ఏ పురుగు బతుకుతుందమ్మా?” అన్నారు. ప్రశ్నలో తప్పేమీ లేదు. పురుగు నిజంగానే చస్తుంది. కానీ అది చచ్చి పగిలినప్పుడు లోపలి విషం నీళ్ళలోకి వచ్చేస్తుంది. ఆ విషం ప్రాణి కాదు, మరిగిస్తే చావడానికి. ఆవిరైపోయేది నీళ్ళే. ఇలా చెప్పాక ఆవిడ, “అయితే ఉప్పులాంటిదన్నమాట” అన్నారు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఆ హెచ్చరికని జూన్ 2న ఎత్తేశారు, 6న మళ్ళీ పెట్టారు, చివరికి జులై 3న తీసేశారు. ఇదేమీ మొదటిసారి కాదు. 2014 ఆగస్టులో ఒహాయోలోని టొలీడో నగరంలో ఇదే జరిగింది. అయినా ఈ విషాలకి ఫెడరల్ తాగునీటి చట్టంలో పరిమితి లేదు. 2015లో ఈపీఏ ఇచ్చినవి సలహాలు మాత్రమే: మైక్రోసిస్టిన్ చిన్నపిల్లలకి లీటరుకి 0.3 మైక్రోగ్రాములు, పెద్దవాళ్ళకి 1.6 దాటకూడదని. సలహా అంటే పాటిస్తే మంచిది, పాటించకపోతే అడిగేవాడు లేడు. పైన సరస్సు పచ్చబడితే కింద ఊళ్ళన్నీ క్రమం తప్పకుండా పరీక్షలు చెయ్యాలన్న నియమం మా రాష్ట్రంలోనూ లేదు.

అప్పుడు ఆరెగాన్ ఆరోగ్యశాఖ అత్యవసర నిబంధన చేసింది. ఇది ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెప్పాలి. మామూలుగా ఒక శాఖ కొత్త నిబంధన తేవాలంటే ముందు ప్రకటన ఇవ్వాలి, ప్రజల అభిప్రాయాలు తీసుకోవాలి, నెలలు పడుతుంది. ఆలస్యమైతే ప్రజలకి హాని అని రాతపూర్వకంగా కారణం చూపిస్తే అవన్నీ పక్కన పెట్టి వెంటనే అమలు చెయ్యొచ్చు. కానీ దాని ఆయుష్షు 180 రోజులే. ఈలోగా మామూలు పద్ధతిలో శాశ్వతం చెయ్యకపోతే కాలం తీరిపోతుంది. 2018 జులై 1 నించి తాత్కాలిక నిబంధన అమలైంది. ఇలాంటి పాచి వచ్చే నీటివనరుల మీద ఆధారపడిన సరఫరాలు రెండు వారాలకోసారి పరీక్ష చేసి తీరాలి. ఆ డిసెంబరులో శాశ్వతం చేశారు. ఇప్పుడు ఏటా మే 1 నించి అక్టోబరు 31 దాకా ఈ పరీక్షలు జరుగుతాయి. శుద్ధికి ముందు నీళ్ళలో విషం 0.3 చేరితే, ఇంటికొచ్చే నీళ్ళని కూడా వెంటనే పరీక్షించాలి. ఆ 180 రోజుల్లో ప్రజల అభిప్రాయం అడిగే ఒక దశ వస్తుంది. పసిపిల్లలూ, ముసలివాళ్ళూ కలిసి ఉండే ఇళ్ళు మనవి. ఆ దశలో మనవాళ్ళు మాట్లాడటం నేనైతే చూళ్ళేదు. పర్మనెంట్ రెసిడెంట్లం కాదు కదా మనకెందుకు అంటారు. అభిప్రాయం రాసిపంపడానికి పౌరసత్వం ఎవరూ అడగరు.

రెండేళ్ళకి అదే లోయకి ఇంకో ఆపద వచ్చింది. 2020 సెప్టెంబరులో లేబర్ డే నాడు తూర్పుగాలికి అడవులంటుకుని శాంటియమ్ లోయలో డెట్రాయిట్, గేట్స్ ఊళ్ళు చాలావరకు కాలిపోయాయి. రాష్ట్రం మొత్తం మీద 4 వేలకి పైగా ఇళ్ళు పోయాయి. కాలిన ఇల్లంటే బూడిదే కదా అనుకుంటాం. అందులో రంగు డబ్బాలు, పురుగుమందులు, గ్యాస్ సిలిండర్లు, కారు బ్యాటరీలు, ఆస్‌బెస్టాస్ ముక్కలు ఉంటాయి. వానాకాలం దగ్గరపడుతోంది, వానొస్తే అదంతా నదిలోకే. అందుకని పనిని రెండుగా విడదీశారు. మొదట ఈపీఏ మనుషులు ముసుగులు వేసుకుని ప్రమాదకరమైన వస్తువుల్ని ఏరి తీసేశారు. ఆ తరవాతే బూడిద, శిథిలాల పని. దాన్ని నడిపించిన వాటిలో రాష్ట్ర రోడ్ల శాఖ కూడా ఉంది! 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ మంటల తరవాత కూడా ఇదే వరస. ఈపీఏ 9 వేలకి పైగా స్థలాల్లో ఈ ఏరివేత చేసింది. అక్కడ కొత్త తలనొప్పి లిథియం బ్యాటరీలు. కాలిపోయిన విద్యుత్ కార్లు, గోడకి తగిలించిన ఇంటి బ్యాటరీలు ఆరిపోయాయనుకున్నాక కూడా మళ్ళీ అంటుకోగలవు.

ఇందులో విచిత్రం ఒకటుంది. అదే పురుగుమందు డబ్బా ఒక కంపెనీ పారేస్తే ఫెడరల్ చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం, ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్ళిందో కాగితాలుండాలి. మన గరాజ్‌లోంచి పారేస్తే ఇంటి చెత్త కిందకి వస్తుంది, ఆ చట్టం మినహాయించింది. రాష్ట్రాలూ కౌంటీలూ తమ నియమాలు తాము పెట్టుకుంటాయి. మా పోర్ట్‌లాండ్‌లో మెట్రో వాళ్ళ కేంద్రాలకి తీసుకెళ్ళి ఇవ్వొచ్చు, సేలం వాళ్ళకీ అలాంటి చోటుంది. ఇల్లు మారేటప్పుడు ముందున్నవాళ్ళు వదిలేసిన డబ్బాలు గరాజ్ మూల అలాగే ఉంటాయి, మనమూ వాటిని వదిలేసే వెళ్తాం. ఈ శనివారం ఒకసారి ఆ మూల చూడండి.

మంటల తరవాత నీళ్ళలో ఇంకో ముప్పు బెంజీన్. ఇళ్ళు కాలి గొట్టాల్లో ఒత్తిడి పడిపోయినప్పుడు పొగ లోపలికి పీల్చుకుంటాయి, ప్లాస్టిక్ గొట్టాలు వేడెక్కి తామే రసాయనాలు వదులుతాయి. లీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ఫెడరల్ నియమం, కాలిఫోర్నియాలో 1. 2017 మంటల తరవాత శాంటా రోసాలో ఒక నమూనాలో 40 వేలు తేలింది. 2018లో ప్యారడైజ్ ఊళ్ళో 2 వేలు దాటింది. పసిఫిక్ పాలిసేడ్స్‌లో 2025 జనవరి 7న మంటలొస్తే, నీళ్ళు తాగొచ్చని చెప్పింది మార్చి 7న. ఇక్కడా కాచకూడదు, కారణం మాత్రం వేరు. బెంజీన్ తేలిగ్గా ఆవిరవుతుంది. కాస్తే వంటింటి గాలిలోకి వస్తుంది, పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళు పీలుస్తారు. వేణ్ణీళ్ళ స్నానమూ అంతే.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే హెచ్చరికల్లో తేడా చెప్పి ఉంచండి. ‘బాయిల్ వాటర్’ అంటే కాచి తాగొచ్చు. ‘డు నాట్ డ్రింక్’ అంటే కాచినా తాగకూడదు. ‘డు నాట్ యూజ్’ అంటే చేతులు కూడా కడుక్కోకూడదు. ఈ మూడూ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించిన ఇళ్ళు నాకు తెలిసి సేలంలో మూడో నాలుగో ఉన్నాయి, ఏలూరు అత్తగారి ఇల్లు వాటిలో ఒకటి.

మా ఇంట్లో ఆర్వో యంత్రం ఉంది, మాకేం భయం అని ఒక శ్రోత రాశారు. ఆర్వో చాలావాటిని తగ్గిస్తుంది, కానీ ఎంత తగ్గించిందో మీ ఇంట్లో ఎవరూ కొలవరు. పొర పాతబడితే ఆ సంగతి మీకు తెలియదు. హెచ్చరిక ఉన్నన్నాళ్ళూ పసివాళ్ళకి సీసా నీళ్ళే వాడండి. లైన్లో ఇంకెవరో ఉన్నారంటున్నారు, వారి ప్రశ్న తీసుకుందాం.