అచ్చులోని వెక్కిరింత



అప్పు తీసికొని మూడేండ్లు ముఖము చాటు చేసినవాడు దారిలో ఎదురుపడెననుడు. "ఎంత మాట నిలుపుకొనువాడవు నాయనా!" అని అప్పిచ్చినవాడు పలుకును. అది పొగడ్త కాదని పసివాడైనను గ్రహించును. గొంతు, కనుబొమ, పెదవి విరుపు సాక్ష్యమిచ్చును. అచ్చులో ఈ సాక్షులు లేరు. కావున చదువరి, ఆ మాటకును ఆడినవాని నడతకును పొత్తు కుదిరినదా యని చూడవలయును.

పూర్వులకిది కొత్త కాదు. నిందవలె తోచు స్తుతిని, స్తుతివలె తోచు నిందను ఆలంకారికులు వ్యాజస్తుతి యనిరి. కాసుల పురుషోత్తమకవి తన ఆంధ్రనాయక శతకమున కృష్ణాతీరపు శ్రీకాకుళ దేవుని దెప్పుచునే కొలిచెను. తిట్టును మాత్రమే చూచువానికి అది దైవదూషణగా కనబడును!

ఐర్లండు దేశమున పేదల ఆకలికి కడుపు మండి, స్విఫ్టు 1729లో ఒక చిన్న పుస్తకము వెలువరించెను. బీదల పసిపిల్లలను ధనికులకు ఆహారముగా అమ్మవచ్చునని అందు సలహా. ధరలు, లెక్కలు వర్తకుని చిట్టావలె నెమ్మదిగా సాగును. ఆ నెమ్మదియే గుట్టు. బీదలను అంతకుముందే పీల్చి తినిన భూస్వాములకు అది చెంపపెట్టు.

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కము' 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంపొంది మరల వెలువడెను. అందు గిరీశము వితంతు వివాహమునుగూర్చి గొప్పగా ఉపన్యసించును. మాటలన్నియు సంస్కర్త మాటలే. కాని ఆతడు పూటకూళ్ళమ్మ సొమ్ము కాజేసి, అప్పులవారిని తప్పించుకొని విజయనగరమునుండి జారుకొనినవాడు. అగ్రహారమున బుచ్చమ్మను చూచిన పిదప ఆ ఉపన్యాసము మరింత వేడెక్కును. నవ్వు అచ్చట పుట్టును.

ఆ నవ్వు ఎవరిపైన? వితంతు వివాహముపైననే యని తలచువాడు పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొనినవాడు. ఆ పొరపాటు చిన్నది కాదు. గ్రంథాలయపు అరుగుపై ఒకరు చదువుచుండగా పదిమంది వినుట పూర్వము గ్రామములందు ఉండెడిది. చదువువాడు సంస్కరణమునే ఎగతాళి చేయు గొంతుతో చదివెనేని, ఆ మూల కూర్చున్న బాలవితంతువు తన బ్రతుకే నవ్వులపాలయ్యెనని లేచిపోయెడిది.

కవి మనసు కథలోనే దొరకును. పెద్ద కూతురి వైధవ్యమును ఇంట చూచుచునే అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురిని ముదుసలి లుబ్ధావధాన్లకు అమ్మజూచును. గిరీశము ముసుగు తొలగిన పిదప, వకీలు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను తిరిగి చీకటింటికి త్రోయడు. చదువుకొనుటకై పూనాలోని వితంతు శరణాలయమునకు పంపదలచును.