గడ్డికోత ఎప్పుడు ముగియును?



వినాయక చవితినాడు పత్రిలో చేర్చి మనము పూజించు గరికకు ప్రపంచమున మఱియొక పేరు కలదు. అమెరికావారు దానిని బెర్ముడా గడ్డి అందురు. మన పొలముగట్లపై ఎంత త్రవ్వి పాఱవేసినను తిరిగి మొలచి రైతును విసిగించు ఆ మొక్కనే అచ్చటివారు ఇంటి ముంగిట కోరి పెంచి, నీరు పెట్టి, వారమునకొకమారు యంత్రముతో సమముగా కత్తిరింతురు. టెక్సాసు రాష్ట్రమున డల్లాసు ప్రాంతములో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు నవంబరు చివరి దినములలో ఆ యంత్రమును తుడిచి కొట్టులో పెట్టుదురు. ఏలయనగా ఇంచుమించు ఆ దినములలోనే అచ్చట మొదటిసారి నేలపై మంచు పేరుకొనును. గరిక గోధుమవన్నెకు తిరిగి, వేళ్ళలో ప్రాణము దాచుకొని నిద్రించును. మరల వసంతము వచ్చువఱకు దానితో పనిలేదు.

అదే గరిక అనంతపురపు మెట్టభూములలో ఎప్పుడు నిద్రించును? మన గడ్డికోత ఎప్పుడు ముగియవలెను? డల్లాసువాసికి ఇది ముంగిటి అందమునకు సంబంధించిన ప్రశ్న. మనకు ఇంటి ఎద్దు వేసవి దాటునా, దాటదా అను ప్రశ్న. కావున ఇతర దేశములలో గడ్డి ఏ కారణముచేత ఆగిపోవునో ముందు చూచి, పిమ్మట మన పీఠభూమికి వచ్చెదము.

గడ్డిజాతులలో స్థూలముగా రెండు తెగలు కలవు: చలిదేశముల గడ్డి, ఉష్ణదేశముల గడ్డి. ఇంగ్లండునందలి పచ్చికబయళ్ళు మొదటి తెగవి. నేల వేడిమి సుమారు 6 డిగ్రీలకు దిగినచో వాని పెరుగుదల నిలిచిపోవును. అందుచేత అచ్చట కోత మార్చిలో మొదలై, అక్టోబరు చివరనో నవంబరు మొదటనో ముగియును. పచ్చికకోత యంత్రము పుట్టినదియు ఆ దేశముననే. 1830లో గ్లాస్టర్‌షైరునందు ఎడ్విన్ బడ్డింగ్ అను పనితనము గలవాడు దానికి పేటెంటు పొందెను. ఉన్నిగుడ్డపై లేచిన నూగును కత్తిరించు మిల్లుయంత్రమును చూచి అతనికి ఆ ఊహ కలిగెనందురు. అంతకుముందు కూలీలు పెద్దకొడవళ్ళతో, వేకువవేళ మంచుతడి ఆఱకముందే, ఆ పని చేయుచుండిరి.

గరిక రెండవ తెగకు చెందినది. ముప్పది డిగ్రీల ఎండలో అది ఉత్సాహముగా ప్రాకును; పదునైదు డిగ్రీలకు లోబడిన చలిలో మందగించును. భూమధ్యరేఖకు దక్షిణమున ఋతువులు తలక్రిందులగుటచే మెల్బోర్నునందలివారికి కోత తగ్గు కాలము మే, జూన్ మాసములు. సింగపూరునందు చలియు లేదు, వాన లేని కాలమును లేదు; అచ్చటి తోటమాలికి ఏడాది పొడుగున విశ్రాంతియు లేదు. కాలిఫోర్నియా కొండల సంగతి మఱియు విచిత్రము. అచ్చట వానలు చలికాలమున కురియును. జనవరిలో పచ్చగా నుండిన కొండలు మే నెలకు పండిన గడ్డివన్నెకు తిరుగును. చలి పోయి వెచ్చదనము వచ్చినవేళనే గడ్డి ఎండుటకు కారణము నేలలో తడి ఇంకిపోవుట. ఈ చివరి దృష్టాంతము మనకు దగ్గఱిచుట్టము.

ఇక మన ప్రాంతము. 2022లో అనంతపురము, శ్రీ సత్యసాయి అని రెండు జిల్లాలైన ఈ నేలపై ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పశ్చిమ కనుమలు అడ్డుపడుటచే నైఋతి మేఘములు తమ భారమును ఆవలివైపుననే దింపివచ్చును. బంగాళాఖాతము దూరమగుటచే ఈశాన్యపు తుపానులు ఇచ్చటికి వచ్చుసరికి అలసిపోవును. ఉన్న వానలో నూటికి 60 పాళ్ళు నైఋతివలనను, 28 పాళ్ళ వఱకు ఈశాన్యమువలనను లభించును. జూన్, జూలైలలో చినుకులకన్న గాలి హెచ్చు. సెప్టెంబరు మాసమే మనకు పెద్దవానల మాసము. అక్టోబరు దాని తరువాతిది. ఉత్తర చూచి ఎత్తర గంప అని పెద్దలనుట అందుచేతనే. ఉత్తరకార్తెలోనైనను వాన రాకున్న ఊరు విడువవలసినదే అని దాని భావము. ఆ గంప ఎత్తువారి వెంట గొడ్లు ఎట్లు నడచునో ఆ సామెత చెప్పదు. మనమే ఊహించుకొనవలెను.

ఈ లెక్కలో గమనింపదగినదేమనగా, మన గడ్డికి చలి శత్రువు కాదు. మార్గశిర, పుష్యమాసములలో సైతము అనంతపురమున రాత్రి చలి సాధారణముగా 16, 17 డిగ్రీలకన్న చాల దిగదు. గరిక మందగించునే గాని చావదు. దానిని ఆపునది నేల. మన ఎఱ్ఱనేలలు లోతు తక్కువవి, గరుసు కలిసినవి. కుండపెంకువలె తడిని త్వరగా విడిచిపెట్టును. కడపటి వాన కురిసిన రెండు మూడు వారములకు గట్టుగడ్డి పసుపుబాఱును. తాడిపత్రి, గుంతకల్లు, ఉరవకొండ ప్రక్కల నల్లరేగడి మాత్రము మఱికొంతకాలము తడిని పట్టియుంచును. కాబట్టి ఒకే వాన కురిసిన రెండు గ్రామములలో కోత ముగియు దినము ఒకటి కాదు. ఒకయేట అది హస్తకార్తెలో రావచ్చును, మఱియొకయేట విశాఖకార్తె దాటి రావచ్చును. డల్లాసువాడు కేలండరులో గుఱుతు పెట్టుకొనగలడు. మన రైతు గడ్డినే చూడవలెను.

గడ్డిలో ఏమి చూడవలెను? వెన్ను చూడవలెను. వాన కురిసి మొలచిన గడ్డి పెరిగి, వెన్ను తీసి, పూతకు వచ్చు సమయమున దానిలోని మాంసకృత్తులు ఎండుబరువులో నూటికి ఏడెనిమిది పాళ్ళుండును. గింజ పండి రాలిన పిమ్మట అది మూడు నాలుగు పాళ్ళకు దిగును. కాడ గట్టిపడును. పశువు పెద్దకడుపులో గడ్డిని జీర్ణముచేయు సూక్ష్మజీవులకు నూటికి ఏడు పాళ్ళయినను మాంసకృత్తులు అందనిచో అవి చుఱుకుగా పనిచేయవు. అప్పుడు పశువు ముందు ఎంత గడ్డి వేసినను తినలేదు, తిన్నది ఒంటబట్టదు. వామి నిండుగా నుండి ఎద్దు డొక్కలు లోపలికి పోవుట మీలో పెక్కురు చూచియుందురు. అది గడ్డి కొఱత గాదు. కోత ఆలస్యమైన గడ్డి.

ఇంగ్లండు రైతు ఈ మర్మమును ఎఱుగును. అతడు ముంగిటి పచ్చికను అక్టోబరు వఱకు కత్తిరించినను, పశువులకు దాచు ఎండుగడ్డిని జూన్, జూలైలలోనే కోయును. గడ్డి పెరుగుట ఆగు దినము వేఱు, కోయదగిన దినము వేఱు. ఈ రెంటి నడుమ అతనికి నాలుగు నెలల వ్యవధి కలదు. మనకు నాలుగు వారములు దొరకుట కష్టము.

దొరికిన ఆ వారములలోనైన సుఖము లేదు. మన గడ్డి పూతకు వచ్చునది సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట. అనగా పెద్దవానల నడుమ. కోసిన గడ్డి ఆఱుటకు ఎండ చాలదు. వానలు ఆగి ఎండ తీవ్రముగా కాయు నవంబరునాటికి గడ్డి గింజ రాల్చి వట్టికాడ యగును. తడిగడ్డిని వామి వేసినచో లోపల వేడెక్కి బూజుపట్టును. ఆఱువఱకు ఆగినచో సారము పోవును. మన రైతులు సాధారణముగా రెండవ నష్టమును ఒప్పుకొందురు. ఏలయనగా అది కంటికి కనపడదు. నా అభిప్రాయమున ఇదియే పెద్దనష్టము.

వేరుశనగ కట్టె విషయమున ఈ చిక్కు మఱింత తీవ్రము. ఒకప్పుడు ఈ సీమలో కొఱ్ఱ, జొన్న, సజ్జ విస్తారముగా పండుచుండెను. జొన్నచొప్ప వామిదొడ్డికి వెన్నెముక. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వేరుశనగ ఆ చేలనన్నిటిని ఆక్రమించుటతో చొప్ప తగ్గి, పశువుకు కట్టెయే ఆధారమయ్యెను. కట్టె నిజమునకు చొప్పకన్న బలమైన మేత. అయితే ఆ బలమంతయు ఆకులో నున్నది. పంట పెఱుకుట అక్టోబరు, నవంబరులలో. చిత్త, స్వాతికార్తెల ఈశాన్యపు వాన కుప్పలపై కురిసెనా, ఆకు నల్లబడి బూజుపట్టును. మితిమీరి ఎండెనా, కదలించినంతనే ఆకు పొడియై రాలిపోయి పుల్ల మిగులును. బూజుపట్టిన కట్టెలో విషము పుట్టును. చూడి పశువునకు, పాలిచ్చు పశువునకు అది బొత్తిగా పనికిరాదు. కాయ తడిసినదని మండియందు వ్యాపారి ధర తగ్గించును గావున దానిని గూర్చి అందఱును విచారింతురు. కట్టె తడిసినదని విచారించువారు తక్కువ.

మఱి చేయదగినదేమి? మొత్తము గట్టుగడ్డిని ఒకనాడే కోయవలయునను పట్టుదల విడువవలెను. వానకు వానకు నడుమ రెండు మూడు పొడి దినములు దొరకినప్పుడు ఇంటివారు మోయగలిగిన రెండు మోపులు కోసి, గట్టుపైననో బండపైననో పలుచగా పఱచి, పూట కొకసారి తిరుగవేయవలెను. వాన కమ్ముకొన్న యెడల కొట్టము క్రిందికి చేర్చుటకు రెండు మోపులు బరువు కావు. ఇరువది మోపులు బరువగును. గడ్డి ఆఱినదో లేదో తెలిసికొనుటకు యంత్రమక్కఱలేదు. పిడికెడు గడ్డిని త్రాటివలె పేనవలెను. కాడలు పగులుచు, చేతికి చెమ్మ అంటకున్న యెడల వామికి పనికివచ్చును. వామిని నేలపై నేరుగా వేయక రాతిగుండ్లపై కఱ్ఱలు పఱచి వేసినచో చెదలును, నేలచెమ్మయు అంటవు. కట్టెను మాత్రము తెల్లవారుజామున, మంచుకు ఆకు మెత్తబడియున్న వేళ, బండి కెత్తవలెను.

కడపటి కోతలో కొడవలిని నేలకు తాకింపరాదు. నాలుగు వ్రేళ్ళ యెత్తు మొదలు విడువవలెను. గరికవంటి గడ్డికి వేళ్ళలో నిలువ చేరుట కది అవసరము. ఏటేట గింజనుండి మొలచు గడ్డులకొఱకు గట్టుపై అక్కడక్కడ ఒక బారెడు కోయక విడిచి గింజ రాలనీయవలెను. అదికూడ మిగులకుండ ఊడ్చిన గట్టుపై మఱుసటియేడు ముండ్లచెట్లు మొలచును. ఆవెనుక గొఱ్ఱెలమంద వచ్చును. వచ్చి పొలమునకు ఎరువు నిచ్చి పోవును. గొఱ్ఱెకు మిగిలిన మొదళ్ళు చాలును.

కొండబోద సంగతి వేఱు. కొండలపై అది ఎండి గట్టిపడిన పిమ్మట, పుష్యమాఘములలో కోసి కొట్టములు కప్పుదురు. పశువునకు పనికిరాని ముదురుదనమే కప్పునకు గుణము. రేకులు, మిద్దెలు వచ్చిన తరువాత బోదకోత తగ్గెను. కోయని బోద వేసవిలో కొండమంటలకు ఆహుతి యగుచున్నది.

పట్టణములలో కచేరీల ముందు, కళాశాలలలో పెంచు పచ్చిక మాట కొందఱు అడుగవచ్చును. గొట్టపుబావి నీరున్నంతవఱకు దానికి కోత ముగియదు. చలినెలలలో మూడు వారములకొకమారు కత్తిరించిన చాలును. ఎండ ముదిరిన పిమ్మట పొట్టిగా కత్తిరింపరాదు, వేళ్ళు మాడును. వందల అడుగుల లోతునుండి తోడిన నీటిని కేవలము కంటికింపునకు వెచ్చించుట ఈ సీమలో ఎంతవఱకు తగునో ఆ కచేరీలవారే ఆలోచింతురుగాక. కత్తిరించిన పచ్చికను కుప్పలో కుళ్ళబెట్టక ఎవరి ఆవుకైన వేయుట మాత్రము ఈనాడే చేయదగిన పని. మందులు చల్లని పచ్చికయై యుండవలెను, తాజాగా నుండవలెను.

ఇక లెక్క. ఒక నడితరపు ఎద్దుకు దినమునకు సుమారు 6 కిలోల ఎండుమేత కావలెను. సంక్రాంతినుండి తొలకరి గడ్డి మొలచువఱకు తక్కువలో తక్కువ 180 దినములు. అనగా తలకొక టన్నుకు పైమాట. జత ఎద్దులకు రెండు టన్నులకు మించును. 2002వంటి ఏట, దేశమంతట నైఋతి ఋతుపవనము విఫలమైనప్పుడు, ఆ 180 దినములు మఱికొన్ని నెలలు సాగును. అట్టి సమయమున డెల్టా ప్రాంతమునుండి లారీలలో వచ్చు వరిగడ్డి ప్రాణము నిలుపునే గాని బలము నీయదు. ఖరీదును మన చేతిలో నుండదు.

కావున సంక్రాంతినాడు, గొడ్లకు కొమ్ములు రంగులద్దు పూటనే, ఒక మోపు తూచి, వామిలో ఎన్ని మోపులున్నవో లెక్కించి, తలల సంఖ్యతో భాగించి చూడుడు. చాలదని తేలినచో ఏ పశువును విడువవలెనో అప్పుడే నిశ్చయించుకొనుడు. జనవరిలో దాని ఒంటిపై కండ యుండును; దున్నుకొనువాడు, పాలు పిదుకుకొనువాడు సంతలో దానిని కొనును. ఏప్రిల్ నెలలో డొక్కలు తేలిన పశువును కొనవచ్చువాడు వేఱొకడు.