గురి తప్పిన బాణం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు విషాద నాటకాల గొడవ ఎందుకమ్మా, మనకున్నవి చాలవా అంటారేమో! చాలవని కాదు. రాజ్యాలు పోగొట్టుకున్న మహావీరుల పొరపాట్లకీ, మన ఇళ్ళలో జరిగే పొరపాట్లకీ దగ్గర చుట్టరికం ఉంది. ఆ సంగతి నాకు ఈ మధ్యనే, కాస్త కష్టంగానే, బోధపడింది. అందుకే ఈ నాలుగు మాటలూ.

నాటకంలో ఏడిపించినవాళ్ళందరూ విషాద నాయకులు కారు. హరిశ్చంద్రుణ్ణే తీసుకోండి. కాటిసీను చూసి కంటతడి పెట్టని తెలుగు ఆడది ఉండదు. కాని ఆయన కష్టాలు ఆయన లోపం వల్ల రాలేదు, సత్యం వల్ల వచ్చాయి. చివరికి అన్నీ తిరిగి దక్కాయి. కీచకుడి సంగతి వేరు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎస్.వి. రంగారావుగారి కీచకుడు చచ్చినప్పుడు మనం ఊపిరి పీల్చుకున్నామే గాని, అయ్యో అనలేదు.

ఈ ఇద్దరికీ మధ్య ఇంకొకడున్నాడు. మంచివాడే, పదిమందికి కావలసినవాడే. కాని ఒకచోట కాలు జారుతాడు, ఆ జారడంతో సర్వం పోతుంది. సుమారు 2,300 ఏళ్ళ క్రితం గ్రీకు దేశపు అరిస్టాటిల్ విషాద నాయకుడంటే ఇతడే అన్నాడు. ఆ జారుపాటుకి ఆయన వాడిన మాట ‘హమార్షియా’. విలువిద్యలో బాణం గురి తప్పడాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారట. దాన్ని పాపం అనుకోనక్కరలేదు, దుర్మార్గం అంతకన్నా కాదు. గురి తప్పడం, అంతే.

మన తెలుగులో విషాదాంత నాటకానికి మొదటగా చెప్పేది ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి ‘విషాద సారంగధర’. పంతొమ్మిదో శతాబ్దం చివర, బళ్ళారిలో ఉండి రాశారాయన. నాటకం మంగళంగా ముగియాలన్న సంస్కృత సంప్రదాయాన్ని కాదన్నారు. కథ మీ అందరికీ తెలిసిందే. రాజమహేంద్రవరం ఏలే రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు. అతని పావురం ఎగిరి సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలింది. దాని కోసం వెళ్ళాడు. ఆమె మోహించింది, అతడు కాదన్నాడు. ఆమె రాజుతో నేరం చెప్పింది. రాజు కొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడు. ఇది చరిత్ర కాదు లెండి. నన్నయగారి చేత భారతం రాయించిన ఆ రాజు కొడుకు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనమే ఎక్కాడు. అయినా కథ మాత్రం జనం మనసులోంచి పోలేదు.

ఈ కథ వినగానే మనం చిత్రాంగిని తిడతాం. నాకు మాత్రం రాజు మీదే చూపు నిలుస్తుంది. కొన్ని కథల్లో చిత్రాంగిని ముందు కొడుక్కే అనుకున్నారు, తండ్రి చూసి తానే చేసుకున్నాడు. మొదటి గురి అక్కడే తప్పింది. రెండోది, ఒకవైపు మాటే వినడం. “నాయనా, ఏం జరిగింది?” అని కూర్చోబెట్టి అడగడానికి ఎంత సేపు పడుతుంది? నిజం తెలిశాక రాజు గుండె పగిలి ఏడ్చాడు. కాని నరికిన చేతులు ఏడిస్తే వస్తాయా?

“కర్ణుడి చావుకి కారణాలు అనేకం” అని మన పెద్దల మాట. స్వభావ దోషమే అన్నిటికీ కారణం అనేవాళ్ళకి ఇది మంచి జవాబు. తల్లి నీళ్ళలో వదిలేస్తే కర్ణుడి తప్పా? ఇంద్రుడు కవచ కుండలాలు అడిగి పట్టుకుపోతే అతని తప్పా? కావు. అయితే పరశురాముడితో అబద్ధమాడి విద్య నేర్చుకున్నది అతడే. నిండుసభలో ద్రౌపదిని అనరాని మాట అన్నదీ అతడే. అనేక కారణాల్లో ఒకటో రెండో మన చేతిలో ఉంటాయి. మనం చూసుకోవలసింది వాటినే.

మరో విచిత్రం చూడండి. చాలాచోట్ల ఆ లోపం మంచి గుణం వేషంలోనే ఉంటుంది. కర్ణుడికి స్నేహితుడి మీద కృతజ్ఞత, ధర్మరాజుకి పిలిచిన జూదానికి రానంటే మర్యాద కాదన్న పట్టింపు. షేక్‌స్పియర్ నాటకంలో లియర్ మహారాజుది పిల్లల మీద ప్రేమే. కాని ఆస్తి పంచే ముందు ఆ ప్రేమ నోటితో చెప్పించుకోవాలనుకున్నాడు. పొగడని చిన్నకూతుర్ని వెళ్ళగొట్టాడు, తప్పని చెప్పిన నమ్మకస్తుణ్ణీ వెళ్ళగొట్టాడు. 1953 నాటి ‘దేవదాసు’లో అక్కినేనివారి తాగుడు చూసి అదే అతని పతనానికి కారణం అనుకుంటాం. అసలు కారణం అంతకుముందే ఉంది. పార్వతి ధైర్యం చేసి రాత్రివేళ వచ్చినప్పుడు అతను తేల్చుకోలేకపోయాడు. తాగుడు తరవాత వచ్చింది.

ఇక నా సంగతి. మాది భవానీపురం. మొన్న వానాకాలం, కరెంటు బిల్లుకని పప్పుడబ్బా కింద పెట్టిన డబ్బులో 500 రూపాయలు తగ్గాయి. ఇంటర్ చదివే మా అబ్బాయి ఆ రోజే గంట ఆలస్యంగా వచ్చాడు. “ఎక్కడికెళ్ళావురా?” అంటే “ఎక్కడికీ లేదు” అన్నాడు. ఆ రెండూ నేనే ముడివేశాను. మావారు ఇంకా చెప్పులు విప్పకుండానే గుమ్మంలోనే చెప్పేశాను. ఆయన వాణ్ణి కొట్టారు. వాడు తలదించుకుని నిలబడ్డాడే గాని నోరు విప్పలేదు.

మర్నాడు అత్తయ్యగారు “నువ్వు లేనప్పుడు గ్యాసతను వస్తే ఆ డబ్బాలోంచి తీసి ఇచ్చానమ్మా, చెప్పడం మరిచాను” అన్నారు. ఆలస్యం ఎందుకయిందో తరవాత తెలిసింది. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారని వరద నీళ్ళు చూస్తూ నిలబడ్డాడట. నీటి దగ్గరికి వెళ్ళావా అని తిడతానని చెప్పలేదు.

నాది దురుద్దేశమా? కాదు. పిల్లవాడు చెడిపోకూడదన్న తాపత్రయమే. రాజరాజనరేంద్రుడూ కుటుంబ మర్యాద కోసమే అనుకుని ఉంటాడు. పదిరోజులు వాడు నా చేత్తో అన్నం పెట్టించుకోలేదు, తనే వడ్డించుకున్నాడు. చివరికి నేనే వెళ్ళి “తప్పు నాదిరా” అన్నాను. “ముందే నన్ను అడగొచ్చు కదమ్మా” అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది.

భాసుడి ‘ఊరుభంగం’ అని సంస్కృతంలో ఒక చిన్న నాటకం ఉంది. తొడలు విరిగి పడివున్న దుర్యోధనుడి దగ్గరికి చిన్నకొడుకు దుర్జయుడు వచ్చి ఒళ్ళో కూర్చోబోతాడు. తండ్రి వద్దనాల్సి వస్తుంది. ఏ తొడ చూపి ద్రౌపదిని అవమానించాడో ఆ తొడ మీద సొంత బిడ్డని కూర్చోబెట్టుకోలేకపోయాడు. మన తప్పుకి శిక్ష ఒక్కోసారి పిల్లలకీ మనకీ మధ్యనే పడుతుంది సుమండీ.

మా డాబా ఎక్కితే తూర్పున ఇంద్రకీలాద్రి కనిపిస్తుంది. అర్జునుడు తపస్సు చేసిన కొండ అని మన నమ్మకం. ఆయనకి మాత్రం అహంకారం లేదా? పంది మీద పడిన బాణం నాదంటే నాదని కిరాతుడితో తగవుకి దిగాడు, ఓడిపోయాడు. కాని వచ్చినవాడు శివుడని తెలిసిన మరుక్షణం కాళ్ళ మీద పడ్డాడు. పాశుపతం దక్కింది. విషాద నాయకుడికీ తెలుస్తుంది, కాకపోతే అంతా అయిపోయాక తెలుస్తుంది. తేడా ఆ ఘడియలోనే ఉంది.

నా తొందరపాటు పోయిందని చెప్పను. పుట్టుకతో వచ్చిన గుణం. కాని ఇంట్లో ఒక కట్టడి పెట్టుకున్నాను. ఎవరి మీద ఏ అనుమానం వచ్చినా, వాళ్ళని కూర్చోబెట్టి అడిగేదాకా మూడోమనిషితో అనను. మావారు చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగేదాకా అసలే అనను. ఆ కాస్త సేపట్లో సగం అనుమానాలు వాటంతట అవే కరిగిపోతున్నాయి.

మీరూ ప్రయత్నించి చూడండి. సెలవు.