పెరటి ఆకు, షుగరు పుండు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా పసుపు, వేపాకు, గడ్డి చామంతి పసరు మనతోపాటే ఉన్నాయి. చెయ్యి తెగితే ఇప్పటికీ ముందు వాటినే వెతుక్కుంటాం. పసుపుతో గాయం మాన్పడం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాల ఆధారాలు చూపించి 1997లో రద్దు చేయించింది. కాబట్టి పెద్దల వైద్యాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

అయితే షుగరు ఉన్నవాళ్ల కాలి పుండు సంగతి వేరు. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. రక్తం సరిగా అందదు. పైకి చిన్నదిగా కనిపించినా లోపల చీము ఎముక దాకా పోవచ్చు. గుంట మగ్గంలో ఉత్త కాళ్లతో తొక్కేవాళ్లకు పుల్ల గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. నేతగాడికి కాలు పోతే మగ్గం ఆగిపోయినట్టే.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. వాము ఆకును తమిళనాడులో కర్పూరవల్లి అంటారు, కర్ణాటకలో దొడ్డపత్రె అంటారు. సరస్వతి ఆకును అక్కడ వల్లారై, ఇక్కడ ఒందెలగ అంటారు. ఈ రెండు జాతుల మొక్కల సారంతో తైవాన్‌లో షుగరు పుండుకు క్రీము తయారుచేశారు. 236 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. 16 వారాల్లో క్రీము రాసినవాళ్లలో నూటికి 61 మందికి పుండు పూర్తిగా మానింది. తేమ పీల్చే ఆధునిక కట్టు వాడినవాళ్లలో 35 మందికే మానింది.

అలాగని పెరట్లో ఆకు తెంపి నూరి పెట్టేయకండి. వాళ్లు సారాన్ని శుద్ధిచేసి, కొలత ప్రకారం కలిపారు. డాక్టర్లు పుండు శుభ్రం చేశాకే రాశారు. మనం నూరే ఆకులో మట్టి ఉంటుంది, క్రిములు ఉంటాయి. పైగా అంత చేసినా 39 మందికి ఆ గడువులో మానలేదు కదా!

మా విన్నపం ఇంతే. షుగరు ఉన్నవాళ్లు మగ్గం దిగాక రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. కళ్లు కనపడకపోతే కోడలో మనవడో చూడాలి. పుండు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ పసరు పెట్టినా దాచకుండా చెప్పండి. ఆకును గౌరవిద్దాం, కాలునూ కాపాడుకుందాం. సెలవు.