ఉద్యోగం లేని శనివారాలు, సముద్రం పాటు వేళలు

పోయిన వారం బీచ్ షార్ట్ పెట్టాక కింద ఒక కామెంట్ వచ్చింది. "అన్నకి జాబ్ పోయిందన్నారు, మీరేమో బీచ్‌ల వెంట తిరుగుతున్నారు, ఏంటక్కా ఇది?" అని. కోపంగా అడిగింది కాదు లెండి, నిజంగానే అర్థం కాక అడిగారు. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

ముందు ఉన్నమాట చెప్పేస్తాను. మావారికి ఉద్యోగం పోయి ఇవాళ్టికి 38 రోజులు. హెచ్ వన్ బీ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం ఆగిపోతే గరిష్ఠంగా 60 రోజులు గడువు. ఆలోపు కొత్త కంపెనీ మన తరఫున పిటిషన్ వేయాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవాలి, అదీ కుదరకపోతే సర్దుకుని బయల్దేరాలి. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక క్యాలెండర్ ఉంది. ఎవరం ఏమీ అనం గానీ, నీళ్ల బాటిల్ తీసే ప్రతిసారీ అందరి కళ్లూ దాని మీదకే పోతాయి. ఆయన సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంటర్వ్యూలు. రెస్టారెంట్లు, సినిమాలు, పిల్లల స్విమ్మింగ్ క్లాసులు అన్నీ ఆపేశాం. మిగిలింది సముద్రం. దానికి టికెట్ లేదు కదా.

మేముండేది ఫ్రీమాంట్‌లో. శాన్ మాటియో బ్రిడ్జి దాటి, 92 మీదుగా హాఫ్ మూన్ బే చేరి, అక్కడ హైవే 1 ఎక్కి కాస్త ఉత్తరానికి వెళ్తే మాస్ బీచ్ అనే చిన్న ఊరు. అక్కడే ఫిట్జ్‌జెరాల్డ్ మెరైన్ రిజర్వ్. 1969 నుంచి రక్షిత ప్రాంతం. ఇసుకలో ఆడుకునే బీచ్ కాదండి ఇది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో మిగిలిపోయిన సముద్రాన్ని చూసే చోటు. వీటిని ఇక్కడ టైడ్ పూల్స్ అంటారు.

ఇక్కడ ఎప్పుడు పడితే అప్పుడు వెళ్తే ఏమీ కనపడదు. టైడ్ చార్ట్ చూసుకోవాలి. ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అందులో సున్నా అంటే, రోజూ వచ్చే రెండు పాట్లలో బాగా తగ్గే పాటు ఉంటుంది కదా, వాటన్నిటి సగటు అన్నమాట. మైనస్ అంకె కనపడిందంటే నీళ్లు ఇంకా కిందకి పోతాయి, మామూలుగా మునిగి ఉండే రాళ్లు బయటపడతాయి. కాలిఫోర్నియాలో చలికాలం మైనస్ పాట్లు మధ్యాహ్నం పూట వస్తాయి, ఎండాకాలంలో తెల్లవారుజామున. కాబట్టి మాలాంటి నిద్రమొహాలకి జనవరే మంచిది.

ఇదంతా నేను యాప్ చూసి నేర్చుకున్నాను. మా అత్తయ్యకి యాప్ అక్కర్లేదు. ఆవిడది భీమిలి. మొన్న రాత్రి బాల్కనీలోంచి చందమామని చూసి, "పున్నమి దగ్గరకొచ్చేసింది కదే, పాటు బాగా లోపలికి పోతాది" అన్నారు. పోటు అంటే నీళ్లు పైకి రావడం, పాటు అంటే వెనక్కి తగ్గడం. పున్నమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. ఇద్దరి లాగుడూ కలిసి పోటు బాగా ఎత్తుకి వస్తుంది, పాటు బాగా కిందకి పోతుంది. చంద్రుడు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కాబట్టి ఇవీ అలాగే జరుగుతుంటాయి. నేను చార్ట్ తీసి చూస్తే ఆ శనివారం మైనస్సే. మా పాప నోరు తెరిచేసింది, "నానమ్మా, నీకెలా తెలుసు?" అని. బంగాళాఖాతం దగ్గర నేర్చుకున్న లెక్క పసిఫిక్ దగ్గర కూడా పనిచేసింది.

సరే, గుంటల దగ్గర ఏం చూస్తాం? మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు, నీళ్లూ రాళ్లూ అంతే. ఒకే గుంట దగ్గర కదలకుండా కూర్చోవాలి. అప్పుడు ఒక నత్తగుల్ల నడవడం మొదలుపెడుతుంది. నత్త అంత జోరుగా నడవదు కదా అని చూస్తే లోపల హెర్మిట్ క్రాబ్. ఖాళీ గుల్ల వెతుక్కుని అందులో కాపురం పెట్టే పీత. పెరిగి ఇరుకైతే ఇంకో పెద్ద గుల్లలోకి మారిపోతుంది. "మనలాగే అద్దె ఇల్లు" అన్నాడు మావాడు. ఐదేళ్లండి వాడికి!

ఆకుపచ్చగా పువ్వు విచ్చినట్టు ఉండేది సీ అనిమొనీ. మొక్క కాదు, జంతువే. ఆ రేకులు దాని చేతులు, వాటితోనే చిన్న జీవుల్ని పట్టి తింటుంది. నీళ్లు తగ్గగానే ముడుచుకుపోయి లోపల తడి దాచుకుంటుంది. వీటిలో ఒక రకం ఒళ్లంతా గవ్వ ముక్కలు అంటించుకుని గుంపుగా ఉంటుంది. చూస్తే గరుకు ఇసుకలా ఉంటుంది, జనం తెలియక తొక్కేస్తారు. అందుకే అడుగు వేసేముందు కిందకి చూడాలి. ఉత్త రాయి మీదే కాలు పెట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి. మా పాప ప్రతి వారం ఒకే రాయి దగ్గర స్టార్ ఫిష్‌లు లెక్కపెడుతుంది. ఊదా రంగువి, నారింజవి, ఐదు చేతులవి, ఓకర్ స్టార్ అంటారు. పోయిన శనివారం ఏడు. ఆ లెక్క ఎందుకంటే, 2013 నుంచి ఈ తీరమంతా స్టార్ ఫిష్‌లకి ఒక మాయరోగం వచ్చింది. చేతులు ఊడిపోయి, ఒళ్లు కరిగిపోయి చచ్చిపోయేవి. అన్నిటికంటే దెబ్బతిన్నది సన్‌ఫ్లవర్ స్టార్. ఇరవైకి పైగా చేతులుండేది, దాదాపు మీటరు వెడల్పు పెరిగేది. కాలిఫోర్నియాలో ఇంచుమించు కనపడకుండా పోయింది. దాని ఆహారం సీ అర్చిన్లు, అంటే ముళ్ల బంతులు. తినేది పోయేసరికి అవి విపరీతంగా పెరిగాయి. పెరిగి కెల్ప్ అడవుల్ని మేసేశాయి. అదే సమయంలో సముద్రం కూడా వేడెక్కడంతో ఉత్తర కాలిఫోర్నియాలో కెల్ప్ 90 శాతానికి పైగా పోయింది. కెల్ప్ తిని బతికే అబలోనీ నత్తలు ఆకలితో చచ్చాయి, 2018లో వాటి వేట ఆపేశారు. ఒక్క జీవి పోతే వరస చూడండి! రోగానికి కారణం ఒక బ్యాక్టీరియా అని 2025లో తేల్చారు. విబ్రియో పెక్టెనిసిడా దాని పేరు. కలరా తెచ్చేది కూడా ఈ విబ్రియో కుటుంబమే.

పాప తీసిన ఫొటోలు ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెడతాం. ఫలానా రోజు, ఫలానా చోట, ఫలానా జీవి కనపడిందని. చూసినవాళ్లు పేరు సరిచూస్తారు. అలా పోగైన ఫొటోలు పరిశోధకులకి పనికొస్తాయి. మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే అయిపోయే పని ఇది.

పోయిన వారం కారులో తిరిగొస్తుంటే పాప అడిగింది. "మనం ఇండియా వెళ్లిపోతే ఆ రాయి దగ్గర ఎవరు లెక్కపెడతారు?" మేమిద్దరం ఏమీ చెప్పలేకపోయాం. దానికి క్యాలెండర్ సంగతి అర్థమైందని అప్పుడే తెలిసింది. అత్తయ్యే అన్నారు, "ఆ రాయిని ఎవరో ఒకరు చూస్తార్లే. మన దగ్గర రాళ్లని ఎవరూ లెక్కపెట్టట్లేదు. నువ్వొస్తే నీకు బోలెడు పని" అని. పాప కాసేపు ఆలోచించి, "అక్కడా పాటు ఉంటుందా?" అంది. ఇంటికి వచ్చేదాకా ఇద్దరూ అదే కబుర్లు.

అంటే అండీ, ఈ ఊళ్లో మేముంటామో లేదో ఇంకో 22 రోజుల్లో తేలుతుంది. అది మా చేతిలో లేదు. పిల్లలకి చూడటం అలవాటైంది. అది మాత్రం ఎక్కడికి వెళ్లినా వాళ్లతో వస్తుంది. మావారు కూడా అక్కడ రెండు గంటలు ఫోన్ తీయరు. అందుకే తిరుగుతున్నాం.

ఎవరైనా వెళ్దామనుకుంటే కొన్ని జాగ్రత్తలు. ఎప్పుడూ సముద్రం వైపు వీపు పెట్టి నిలబడొద్దు. ఈ తీరంలో ప్రశాంతంగా ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా పెద్ద అల వస్తుంది, స్నీకర్ వేవ్ అంటారు. నీళ్లు గడ్డకట్టే చలి, ఈత వచ్చినవాళ్లకీ కష్టమే. నీళ్లు బాగా తగ్గే టైముకి గంట ముందే చేరుకుని, పోటు మొదలవగానే బయటికి వచ్చేయండి. పాచి మీద జారతారు, పట్టున్న బూట్లు వేసుకోండి. గవ్వలు, రాళ్లు ఏవీ ఇంటికి తేవద్దు. ఇక్కడ అది చట్టవిరుద్ధం, పైగా ఆ గవ్వ రేపు ఇంకో పీతకి ఇల్లు. సీల్స్ పడుకుని ఉంటే 300 అడుగుల దూరం.

వైజాగ్ వాళ్లు, మీకు విమానం అక్కర్లేదు. రుషికొండ దగ్గర, తెన్నేటి పార్క్ కింద రాళ్లు ఉన్నాయి కదా, పాటు వేళకి వెళ్లి ఒక గుంట దగ్గర పది నిమిషాలు కూర్చోండి. ఈ రోజుల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు కూడా మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. కనపడితే దగ్గరికి పోవద్దు, లైట్ వేయొద్దు, అటవీ శాఖ వాళ్లకి చెప్పండి. ఏం చూశారో కింద కామెంట్లో రాయండి, మా పాప అన్నీ చదువుతుంది. ఏ రాయి, ఎన్ని పీతలు, అంకెతో సహా చెప్పండి, తను లెక్క రాసుకుంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.