బాల్యంలో పడ్డ కష్టం – యౌవనంలో పెరిగిన ఒళ్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగనాడు మాట్లాడవలసిన విషయమా ఇది అని కొందరికి తోచవచ్చు. విజయనగర ప్రభువుల నాటినుండి, మధుర నాయకుల నాటినుండి మన పూర్వులు ఈ దక్షిణదేశపు నల్లరేగడికి వచ్చి స్థిరపడిన వైనం చెప్పుకుంటే వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని వత్రాప్ మొదలు కోవిల్పట్టి వరకు మనవారి ఇండ్లలో ఏ శుభకార్యానికి వెళ్లినా మా చెవిని పడే మాట ఒకటి ఉన్నది. పదునాలుగు, పదిహేనేండ్ల పిల్లనో పిల్లవాణ్ణో నలుగురిలో నిలబెట్టి, “ఏమిరా, ఇంత లావైనావు? తినడం తప్ప వేరే పని లేదా?” అంటారు. ఆ బిడ్డ తల వంచుకొని నవ్వుతుంది. అన్నవారు మరచిపోతారు, బిడ్డ మరచిపోదు. ఆ మాట న్యాయమైనదేనా అని విచారించడానికే ఈ నాలుగు ముక్కలు మనవి చేస్తున్నాము.

ఎక్కువ తిని తక్కువ కదిలితే ఒళ్లు పెరుగుతుందన్నది నిజమే. ఆ సంగతి వైద్యుడు చెప్పనక్కరలేదు, అవ్వ కూడా చెప్పగలదు. అయితే ఒకే వీధిలో, ఒకే తిండి తినే ఇద్దరు పిల్లలలో ఒకరి ఒంటికే అది ఎందుకు అంటుకుంటుంది? ఆకలి లేకున్నా ఒక బిడ్డ చేయి తినుబండారాల డబ్బావైపు ఎందుకు పోతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం కొంతవరకు పుట్టుకతో వచ్చిన తత్త్వంలో ఉన్నది. మరికొంత, ఆ బిడ్డకు జ్ఞాపకం కూడా లేని బాల్యంలో ఉన్నది.

మొదట దూరదేశపు సంగతి చెప్పి, తరువాత మన ఇంటికి వస్తాము. అమెరికాలోని శాండియాగో నగరంలో విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు 1980ల నడుమ స్థూలకాయులకు చికిత్స చేస్తుండేవారు. చికిత్స బాగా పనిచేసి బరువు తగ్గుతున్నవారే మధ్యలో మానివేసి వెళ్లిపోవడం చూసి ఆయన ఆశ్చర్యపడినారు. వారిని పిలిచి ఓపికగా అడిగితే, అనేకులు చిన్ననాట తాము పడ్డ హింసను, ముఖ్యంగా నమ్మినవారి చేతిలో జరిగిన అత్యాచారాలను బయటపెట్టినారు. పైవారు వ్యాధి అనుకొన్న లావు, వారిలో కొందరికి కవచంగా ఉన్నది. ఆ కవచం తీసివేస్తే భయం తిరిగివచ్చేది.

ఆ మీదట ఫెలిట్టి, రాబర్ట్ ఆండా కలిసి 1995 నుండి 1997 వరకు పదిహేడు వేల మందికి పైగా పెద్దలను ప్రశ్నించినారు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నారా? అవమానపడ్డారా? తల్లిని కొట్టడం కళ్లారా చూసినారా? ఇంట్లో తాగుబోతు ఉండెనా? ఇట్టి ప్రశ్నలు. 1998లో వెలువడిన తొలి ఫలితాలలో, నాలుగు రకాలు లేక అంతకు మించి కష్టాలు పడినవారిలో తీవ్రమైన స్థూలకాయం, ఏ కష్టమూ ఎరుగనివారితో పోలిస్తే సుమారు ఒకటిన్నర రెట్లు కనబడింది. మద్యపానం, మనోవ్యాధి మొదలైనవాటిలో భేదం ఇంతకన్న చాలా ఎక్కువ.

ఇది ఎట్లా జరుగుతుంది? భయం కలిగినప్పుడు మన ఒంటిలో కార్టిజాల్ అనే రసం ఊరుతుంది. పాము కనబడితే పరుగెత్తడానికి అది అవసరమే. కాని సాయంకాలమయ్యేసరికి తాగివచ్చే తండ్రి అడుగుల చప్పుడు కోసం ప్రతిదినమూ చెవి ఒగ్గి ఉండే పిల్లకు ఆ రసం అణగవలసినప్పుడు అణగదు. అది తీపిని, నూనె వంటకాలను కోరేట్టు చేస్తుంది. కొవ్వును నడుముచుట్టూ చేర్చుతుంది. నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే ఆకలి పెరుగుతుంది. తీపి తిన్న కాసేపు మనసుకు ఊరట కలుగుతుంది కనుక చేయి మళ్లీ అటే పోతుంది. దీనిని తిండిపోతుతనమనడం, జ్వరంతో వణికేవాణ్ణి పిరికివాడనడం వంటిది.

కష్టమంటే దెబ్బలు మాత్రమే కాదు. ఆకలి కూడా కష్టమే. నాజీల ఆక్రమణలో ఉన్న హాలండు దేశంలో 1944–45 చలికాలాన ఘోరమైన కరువు వచ్చింది. ఆనాడు తల్లికడుపులో ఉన్న బిడ్డలు పందొమ్మిదేండ్ల యువకులై సైన్యపు పరీక్షకు వచ్చినప్పుడు వ్రాసిన లెక్కలను, సుమారు మూడు లక్షల మందివి, పండితులు పరిశీలించి 1976లో ప్రకటించినారు. గర్భంలోని తొలి సగంలో కరువు తగిలినవారిలో స్థూలకాయులు ఎక్కువగా తేలినారు. చివరి నెలలలో తగిలినవారిలో తక్కువగా తేలినారు. తొలినాళ్లలోనే లేమిని చూచిన శరీరం, దొరికినదానిని దాచుకొనే గుణం అలవరచుకొన్నదని దీనికి చెప్పే అర్థం.

ఇక మన దేశానికి వస్తాము. పూనాలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం పల్లెలలో పుట్టిన శిశువులను తూచి చూచింది. సగటు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులు 3.5 కిలోలు. మన శిశువులలో కండ, ఎత్తు తగ్గినా చర్మం క్రింది కొవ్వు అంతగా తగ్గలేదు. చూడడానికి బక్కపలుచన, లోపల కొవ్వు! ఢిల్లీలో పుట్టుకనుండి తూచుతూ వచ్చిన 1,492 మందిని 26–32 ఏండ్ల వయసులో పరీక్షించి 2004లో ప్రకటించిన మరొక పరిశోధన ఉన్నది. అందులో మధుమేహమో, దాని ముందుదశయో కనబడినవారు సాధారణంగా రెండేండ్ల వరకు సన్నగా ఉండి, ఆ పిమ్మట త్వరత్వరగా బరువు పెరిగినవారు. పన్నెండేండ్లనాడు వారిలో ఒక్కరు కూడా స్థూలకాయులు కారు. హాని ఒళ్లు కనబడకముందే మొదలవుతుందన్నమాట.

మన తెలుగుదేశపు దృష్టాంతం వీటన్నిటికంటె ఆశాజనకమైనది. ఈ తమిళదేశంలోని కూనూరులో 1918లో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలిన సంస్థ ఒకటి ఉన్నది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థవారు 1987–90 నడుమ హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలను రెండు భాగాలుగా ఎంచుకొన్నారు. 15 గ్రామాలలో గర్భిణులకు, ఆరేండ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందినది. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏండ్ల వారైన తరువాత మళ్లీ పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించినారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగు. ఒంటి కొవ్వులో చెప్పుకోదగ్గ భేదం లేదు. కాని ఇన్సులిన్ పనిచేయకుండా పోయే గుణం వారిలో నూటికి 20 వంతులు తక్కువ. రక్తనాళాలు కూడా మెత్తగా ఉన్నవి. తల్లికి, పసిబిడ్డకు వేళకు అందిన తిండి పదిహేనేండ్ల తరువాత కూడా కాపు కాస్తున్నదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇప్పుడు మన ఊళ్లను చూడండి. చతురగిరి నీడన ఉన్న వత్రాప్‌లో వరిపైరు కనబడుతుంది గాని, తూర్పుగా పోయేకొద్దీ వానకోసం ఆకాశం చూసే కరిసల్ నేలే. సాత్తూరు, శివకాశి, కోవిల్పట్టి ప్రాంతాలలో ఆ కరువే అగ్గిపెట్టెల పరిశ్రమకు చేతులనిచ్చింది. ఆ చేతులలో పసిచేతులు ఎన్నో! తెల్లవారకముందే బస్సులెక్కి, చట్రాలలో పుల్లలు పేర్చిన పిల్లలు. రాత్రి దీపంవద్ద పెట్టెలకు కాగితం అంటించిన పిల్లలు. 1986లో చట్టం వచ్చినది, 1996లో సుప్రీంకోర్టు శివకాశి పిల్లల విషయంలో తీర్పు చెప్పినది, బడులు పెరిగినవి, ఆ దృశ్యం చాలావరకు తగ్గినది. కాని ఆనాటి పిల్లలే నేటి తల్లులు, తండ్రులు, అవ్వలు. వారిలో ఎందరికో సజ్జగంజి కూడా ఒకపూటే దక్కినది.

ఆకలి తెలిసిన ఈ నేలలోనే దానికి మందు కూడా పుట్టినది. విరుదునగర్ బిడ్డ కామరాజ్ 1956లో కోవిల్పట్టి దాపునగల ఎట్టయపురంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి నాంది పలికినారు. 1982లో ఎం.జి.ఆర్. దానిని విస్తరింపజేసినారు. 2022లో ఉదయపు ఉపాహారం కూడా చేరినది. వీటి విలువ ఆనాటి ఆకలి తీరడంతో ఆగదని హైదరాబాదు గ్రామాలు సాక్ష్యమిస్తున్నవి.

అయితే నేడు చిక్కు రూపం మార్చుకొన్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడు స్త్రీలలో నూటికి 40 మంది అధిక బరువు గలవారు. అదే రాష్ట్రంలో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 25 మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివారు. లేమి, అతి – రెండూ ఒకే ఇంట్లో, ఒక్కొక్కసారి ఒకే పళ్లెం ముందు కూర్చున్నవి. ఆకలి ఎరిగిన అవ్వ, తన మనవడు ఎన్నడూ ఆకలి ఎరగకూడదని కోరుతుంది. తల్లిదండ్రులు పనికోసం తిరుప్పూరుకో చెన్నైకో పోతే, బిడ్డ కళ్లలో దిగులు చూసి ఆమె ఏమివ్వగలదు? శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా ఇస్తుంది, సాత్తూరు సేవు ఇస్తుంది, రాత్రికి నూనె పరోటా తెప్పిస్తుంది. అది ప్రేమే. ఆ ప్రేమను తప్పు పట్టడానికి మాకు నోరు రాదు. కాని బిడ్డ అడిగినది పాల్కోవా కాదేమో, అమ్మ గొంతేమో అని ఒకసారి ఆలోచించమని మాత్రం వేడుకొంటాము.

ఎగతాళి విషయం కూడా పరీక్షకు నిలిచినదే. అమెరికాలో రెండు వేల మందికి పైగా ఆడపిల్లలను గమనించి 2014లో ప్రకటించిన పరిశోధనలో, పదేండ్ల వయసులోనే “నీవు మరీ లావు” అనిపించుకొన్న పిల్లలు పందొమ్మిదేండ్లకు స్థూలకాయులు కావడం ఎక్కువగా కనబడినది. మొదటి బరువును లెక్కలోకి తీసుకొన్నా ఆ భేదం పోలేదు. మందు అనుకొని మనం అనే మాట, కష్టాల పట్టికలో మరొక కష్టమై చేరుతున్నది.

ఒక హెచ్చరిక చేయాలి. లావుగా ఉన్న ప్రతి బిడ్డ ఇంట్లోనూ హింస ఉన్నదని ఎవరూ అనుమానించరాదు. కష్టపడిన ప్రతి బిడ్డా లావెక్కదు. ఇవి వేలమందిని చూసి తీసిన లెక్కలు. ఒక్క బిడ్డ జాతకం కావు. పైగా, నమ్మదగిన పెద్ద ఒక్కరు ప్రక్కన ఉన్నా ఆ కష్టపు విషం చాలా విరుగుతుందని శిశుమనస్తత్త్వం ఎరిగినవారు చెప్తున్నారు. ఆ ఒక్కరు తల్లే కానక్కరలేదు. మేనమామ కావచ్చు, పంతులమ్మ కావచ్చు, పొరుగింటి అత్త కావచ్చు.

కనుక మేము కోరేవి కొన్నే. కోడలు గర్భవతి అయినప్పుడు ఆమె పళ్లెం ఆఖరున నిండే ఆచారం మానుదాము. ఆరు నెలల వరకు తల్లిపాలు, ఆపైన రెండేండ్ల వరకు పప్పు, గుడ్డు, ఆకుకూరలతో శ్రద్ధగా తిండి. ఆ తరువాత బొద్దుగా చేయాలనే తొందర వద్దు. బిడ్డ ఏడుపుకు ముందు ఒడి ఇచ్చి, తరువాత ఆకలేనా అని చూద్దాము. పిల్లలు నిద్రపోయే ఇంట్లో తగవులు వద్దు. దూరాన ఉన్న తల్లిదండ్రులు వారానికొకసారి పంపే డబ్బుతోపాటు ప్రతిరాత్రీ ఒక మాట పంపాలి. ఏ ఇంటనైనా బిడ్డ దెబ్బలు తింటున్నదని తెలిస్తే మనకెందుకని ఊరుకోక, 1098 నంబరుకు చెప్పాలి. లావైన బిడ్డను వైద్యుని వద్దకు తీసుకొనిపోవలసివస్తే, దోషినివలె గాక రోగినివలె, ప్రేమతో తీసుకొనిపోవాలి.

ఈ ఉగాదినుండి మన పెండ్లి పందిళ్లలో “ఎంత లావైనావు” అనే పలకరింపు మాని, “ఎట్లున్నావు నాయనా?” అని అడుగుదాము. అడిగి, జవాబు వచ్చేవరకు కూర్చుందాము.