పైసా పెట్టకుండా ఇంటి లోను వస్తుందా? – భీమడోలు సంఘం మీటింగులో చెప్పిన మాటలు

మొన్న మీటింగుకి రాలేనివాళ్లు అడిగారని, అక్కడ చెప్పినదే ఫోనులో చదువుకునేలా రాసి పంపుతున్నాను. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. లోను ఇచ్చే బల్లకి అవతలి వైపు చాలా ఏళ్లు కూర్చున్నాను.

"గవర్నమెంటే గ్యారంటీ ఉంటోందంట, చేతి డబ్బు లేకుండా ఇల్లు కొనుక్కోవచ్చంట" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్లు చూపించిన వీడియో నేనూ చూశాను. అది అమెరికా సంగతి. అక్కడ సైన్యంలో చేసినవాళ్లకి 1944 నుంచి అలాంటి లోన్లు ఉన్నాయి. మన దగ్గర రిజర్వు బ్యాంకు రూలు వేరు. 30 లక్షల లోపు లోను అయితే ఇంటి విలువలో 90 శాతం దాకానే బ్యాంకు ఇవ్వొచ్చు. మిగతా 10 శాతం మీదే. బ్యాంకు భాషలో దాన్ని మార్జిన్ అంటారు.

మరి గ్యారంటీ అబద్ధమా? కాదండి, ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతలో తక్కువ ఆదాయం వాళ్ల ఇంటి లోన్లకి గ్యారంటీ నిధి ఉంది. కాకపోతే ఆ గ్యారంటీ బ్యాంకుకి, మీకు కాదు. మీరు కట్టలేకపోతే బ్యాంకుకి వచ్చే నష్టంలో కొంత ఆ నిధి భరిస్తుంది. మీ బాకీ మాత్రం మీ మీదే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. తాడేపల్లిగూడెంలో 20 లక్షల ఇల్లు అనుకోండి. లోను 18 లక్షలు, మీ చేతి డబ్బు 2 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీతో కలిపి ఏడున్నర శాతం లెక్కన లక్షన్నర. ఇది మామూలుగా లోనులో కలవదు. అప్పటికే మూడున్నర లక్షలయ్యింది. ఇక బ్యాంకు ఇంజనీరు వచ్చి "ఇది 18 లక్షలే చేస్తుంది" అన్నాడా, లోను 16 లక్షల 20 వేలకి దిగుతుంది. చేతి నుంచి పెట్టాల్సింది 5 లక్షల 30 వేలు. మనవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

ఆ డబ్బు పర్సనల్ లోను తెచ్చి సర్దుదామంటారు కొందరు. 18 లక్షలకి ఎనిమిదిన్నర వడ్డీ, 20 ఏళ్లయితే నెలకి సుమారు 15,600. మూడున్నర లక్షల పర్సనల్ లోనుకి 14 శాతం వడ్డీతో అయిదేళ్లు సుమారు 8,100. నెలకి 35 వేలు వచ్చే ఇంట్లో మిగిలేది 11 వేల పైచిలుకు. పిల్లల ఫీజులు, బియ్యం, ఆసుపత్రి అన్నీ అందులోనే. ఇంకొందరు ఏజెంట్లు అగ్రిమెంటులో ధర ఎక్కువ రాయిద్దాం, లోను పెరుగుతుందంటారు. అది బ్యాంకుని మోసం చేయడం. సంతకం పెట్టేది మీరు, ఏజెంటు కాదు.

వడ్డీ రాయితీ నిజమే. ఏడాది ఆదాయం 9 లక్షల లోపు ఉండాలి. ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ, మొత్తం 1,80,000 దాకా, అయిదు ఏడాది వాయిదాల్లో వస్తుంది. అది లోను ఖాతాలో పడుతుంది. అంటే ముందు ఇల్లు కొనాలి, తర్వాతే రాయితీ. దాన్ని చూపించి మార్జిన్ కడతానంటే కుదరదు. ఇంట్లో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం ఏదీ అందుకుని ఉండకూడదు. ఇది పట్టణాల పథకం. ఏలూరు, తాడేపల్లిగూడెం సరే. మీరు కొనే ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. పల్లెలో సొంత స్థలం ఉంటే గ్రామీణ ఆవాస్ యోజన దారి వేరు. మైదాన ప్రాంతంలో ఇల్లు కట్టుకోడానికి 1,20,000 ఇస్తారు, అది అప్పు కాదు.

చేతి డబ్బు భారం ప్రభుత్వం నిజంగా తగ్గించింది టిడ్కో ఇళ్లలో. 365 అడుగుల ఇంటికి లబ్ధిదారు వాటా 50 వేల నుంచి 25 వేలకి, 430 అడుగుల ఇంటికి లక్ష నుంచి 50 వేలకి దించారు. అయినా ఆ రెండు రకాలకీ లబ్ధిదారు పేరున బ్యాంకు లోను కూడా ఉంటుంది.

మన వైపు ఇంకో తంటా ఉందండి. కొల్లేరు అయిదో కాంటూరు దాకా 1999లో అభయారణ్యం ప్రకటించారు. ఆ హద్దులో ఉన్నదీ, డి-పట్టా భూమీ చవగ్గా వస్తోందని చూపిస్తారు. నాకు తెలిసిన ఒక కుటుంబం, చేపల చెరువు మీద కాపలా ఉండి కూడబెట్టిన లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చింది. తర్వాత చూస్తే సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉంది. లోను రాలేదు, అమ్మినతను డబ్బు తిరిగివ్వలేదు. ఆవిడ ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంది.

అందుకని అడ్వాన్సుకి ముందే సర్వే నంబరు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 22-ఎ జాబితా చూడండి, ఈసీ తీయించండి. అగ్రిమెంటులో "బ్యాంకు లోను మంజూరు కాకపోతే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వవలెను" అని ఒక లైను రాయించండి. ఆ లైను రాయనంటే ఆ బేరం వదిలేసి రండి.